నల్లమలలో గుర్రాల మకాం: నీళ్ళు చూపించింది ఎవరు?

   పోస్టు పొడుగ్గా ఉంటాది, ఓపిక చేసుకుని చదవండి.

ఈ మధ్య ఫోన్లలో ఒక రకం వీడియోలు బాగా తిరుగుతున్నాయి. తెల్లోళ్ళు గుర్రాలెక్కి కొండ అడవిలోకి పోతారు. ఏటి పక్కన చదును చూసుకుని డేరా వేస్తారు, గుర్రాలను చెట్లకు కడతారు, మంట ముందర కూర్చుంటారు. చుట్టూ చడీచప్పుడు ఉండదు. అవి చూసి మన పిల్లోళ్ళు "మన దిక్కు ఇట్లాంటివి యాడుండాయి" అంటున్నారు. ఉండాయి. మన కర్నూలు, కడప జిల్లాల నడుమ పడుకున్న నల్లమలలో కొన్ని వందల ఏండ్లు గుర్రాలు మకాం వేసినాయి. రాజులవి, నవాబులవి, కంపెనీ దొరలవి, యాత్రికులవి. ఏ రాజు ఏ సంవత్సరం వచ్చినాడో పుస్తకాల్లో ఉంది. ఆ గుర్రం ఆ రాత్రి ఎవరు చూపించిన నీళ్ళు తాగిందో మాత్రం దాదాపు యాడా లేదు. నేను రాయాలనుకున్నది ఆ సంగతి. ఇది ఉత్త పాత కథ కాదు, ఈ రోజు మన చేతిలో ఉండాల్సిన కాగితానికి దీనికి సంబంధం ఉంది. అది కడాకు చెప్తా.

ముందు మాటల సంగతి. మకాం, మజిలీ, డేరా, దండు, ఇవన్నీ మన సీమలో ఇంకా బతికే ఉండాయి. పాళెం అనే మాటకు మొదట్లో దండు దిగిన చోటు అని అర్థం. అట్లా దండు పెట్టుకుని చుట్టూ ఊర్లను ఏలినోడు పాళెగాడు. అంటే మన సీమలో తరాల తరబడి పెత్తనం చేసినోళ్ళ పేరులోనే మకాం ఉంది. కానీ మకాం అంటే దండు దిగడం ఒక్కటే కాదు. దిగే ముందు ఈడ నీళ్ళుండాయా, గడ్డి ఉందా, రాత్రికి పులి భయం ఎంత, జ్వరం పట్టే చోటా కాదా అని ఎవరో ఒకరు చెప్పల్ల. ఆ చెప్పేటోడు గుర్రం మీద వచ్చినోడు కాదు.

గుర్రం చూడ్డానికి రాజసమే గానీ అడవిలో దాన్ని సాకడం శానా కష్టం. పనిచేసే గుర్రానికి రోజుకు 30, 40 లీటర్ల నీళ్ళు కావల్ల, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. ఎద్దు మాదిరి గబగబా మేసి, పండుకుని నెమరు వేసే జీవం కాదు అది. కొంచెం కొంచెం రోజంతా మేస్తానే ఉండల్ల. బాగా నడిచిన రోజు దాణా గూడా పెట్టల్ల. మద్రాసు రాజధానిలో ఆ దాణా అంటే ఉలవలు, ఉడకబెట్టి పెట్టేవాళ్ళు. ఇంగ్లీషోళ్ళు ఉలవలకు హార్స్ గ్రామ్ అని పేరు పెట్టింది అందుకే. మన ఇండ్లల్లో గుగ్గిళ్ళు వేసుకుని, చారు కాచుకుని బతికిన గింజ దొరల లెక్కలో గుర్రం తిండి. కాలేజీలో బాటనీ క్లాసులో ఆ పేరు విన్నప్పుడల్లా నాకు నవ్వూ వస్తాది, కడుపులో ఇంకోటీ అయితాది.

దొరకు ఒక గుర్రం ఉంటే దాని వెనకాల ఇద్దరు మనుషులు. ఒకరు సాయిసు, ఒకరు గడ్డి కోసేవాళ్ళు. మద్రాసు దిక్కు ఆ గడ్డి కోసే పని ఎక్కువగా ఆడోళ్ళది, శానా సార్లు సాయిసు పెండ్లామే. తెల్లారుజామున కొడవలి తీసుకుని బయలుదేరి, గుర్రానికి సరిపోయే మోపు కట్టుకుని వస్తేనే ఆ రోజు మకాం నడిచేది. మన సీమలో ఎండాకాలం అంత గడ్డి మైదానంలో యాడ దొరుకుతాది? కొండ కింద, వాగు పక్కన, చెట్ల నీడ ఉన్న చోట్ల దొరుకుతాది. కాబట్టి గుర్రం ఉన్నోడు కొండ వైపు రావాల్సిందే. కొండ వైపు వస్తే చెంచు పెంటల దగ్గరికి వచ్చినట్టే.

నల్లమల గురించి తెలియని తమ్ముళ్ళ కోసం రెండు మాటలు. ఈ కొండల్లో ఎక్కువగా ఉండేది గట్టి చెకుముకి మాదిరి రాయి. వాన నీళ్ళు దాని పగుళ్ళలోకి దిగిపోతాయి, పైన నిలబడవు. పోయి పోయి యాడో కొండ మొదట్లోనో, లోయలోనో ఊటగా బయటికి వస్తాయి. మహానంది కోనేరు ఎండాకాలంలో గూడా నిండుగా ఉండేది ఇట్లాంటి ఊట వల్లనే. అందుకే నల్లమలలో ఊర్ల పేర్లు చూడండి, సగం నీళ్ళే. పెద్దచెరువు, భీముని కొలను, దొరబావి. గుంటూరు, నంద్యాల రైలు దారి మీద చలమ అని స్టేషనే ఉంది. చలమ అంటే ఇసకలో గుంత తవ్వి నీళ్ళు ఊరబెట్టుకునేది అని మనకు తెలుసు. నాగలూటి, బైర్లూటి అనే పేర్లలో గూడా నాకైతే ఊట అనే మాటే వినిపిస్తాది, భాష చదివినోళ్ళు ఏమంటారో గానీ. ఇంకో సగం పేర్లు పెంటలు: సున్నిపెంట, రోళ్ళపెంట. పెంట అంటే చెంచులు గుడిసెలు వేసుకునే చోటు. పేర్లు ఎవరు పెట్టినారో దాన్నిబట్టే తెలుస్తాది.

ఇప్పుడు బాట. శ్రీశైలానికి ఇప్పుడు దోర్నాల మీదుగా బస్సులో పోతాం. పాత దారి అది కాదు. ఆత్మకూరు నుంచి అడవిలోకి దిగి, నాగలూటి వీరభద్ర స్వామి గుడి దాటి, పెద్దచెరువు చేరి, ఆడినుంచి భీముని కొలను లోయలోకి మెట్లు దిగి, మళ్ళీ అవతల గట్టు మెట్లెక్కి, కైలాసద్వారం దాటితే శ్రీశైలం. శివరాత్రికి, ఉగాదికి మనోళ్ళు, కన్నడ భక్తులు ఇప్పటికీ నడిచేది ఈ దారే. 14వ శతాబ్దంలో రెడ్డి రాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించినాడని చరిత్ర పుస్తకాల్లో చదువుకున్నాం. ఆ మెట్లు మనిషి కాళ్ళకు కట్టినవి. పెద్దచెరువు దాకా గుర్రం వస్తాది. భీముని కొలను లోయ దగ్గర ఎంత పెద్ద దొర అయినా గుర్రం దిగాల్సిందే. నడవడమో, డోలీలో కూర్చోవడమో. ఆ లోయ చూసినోళ్ళకు అర్థమైతాది.

కాబట్టి గుర్రాలు ఆగిపోయే చోటు ఒకటి సహజంగానే ఏర్పడింది. స్వారీ చేసి వచ్చినోడు పైకి పోయి దర్శనం చేసుకుని వచ్చేదాకా గుర్రాలు, సాయిసులు, మూటలు చెరువు దగ్గర ఉండల్ల. నీళ్ళుండే చోటు, చెట్లు, చుట్టూ నిశ్శబ్దం, రాత్రికి మంటలు. ఇది ఇప్పటి వీడియోల్లో చూపించే మకామే. ఒకటే తేడా: ఇక్కడ మంట వేసింది సరదాకు కాదు, పులికి.

1677లో శివాజీ ఈ దిక్కు వచ్చినాడు. గోల్కొండలో తానీషాతో ఒప్పందం చేసుకుని, దక్షిణానికి దండయాత్ర పోతా, నివృత్తి సంగమం దగ్గర స్నానం చేసి శ్రీశైలం పోయినాడు. మరాఠాల బలమంతా గుర్రమే కదా. శ్రీశైలంలో ఆయన పేరున గోపురం ఉంది, ఇప్పుడు స్మారక కేంద్రం గూడా ఉంది. అంత దూరం నుంచి వచ్చినోళ్ళకు ఈ అడవి దారి ఎవరు చూపించినారు? ఒక్క గుర్రానికే 40 లీటర్లు అనుకుంటే, పది గుర్రాలకు ఒక పూటలో చిన్న చలమ ఎండిపోతాది. ఏ నెలలో ఏ గుండంలో నీళ్ళుంటాయో తెలిసినోళ్ళు లేకపోతే ఒక్క రాత్రి గూడా ఆ అడవిలో గుర్రాన్ని నిలపలేరు. శ్రీశైలం గుడి చుట్టూ ఉన్న పెద్ద ప్రాకారం గోడ మీద విజయనగరం కాలం శిల్పాలుండాయి. గుర్రాలు, ఏనుగులు, వేట, వరసలు వరసలుగా. ఈసారి పోయినప్పుడు గోడ చుట్టూ తిరిగి చూడండి. వేటగాళ్ళ బొమ్మల్లో విల్లు పట్టుకున్నోళ్ళను గూడా చూడండి. పుస్తకాల కంటే ఆ శిల్పుల కండ్లకే మనోళ్ళు ఎక్కువ కనపడినారేమో అనిపిస్తాది నాకు.

తెలుగులో ఈ దారి గురించి బాగా రాసినాయన ఏనుగుల వీరాస్వామి. మద్రాసు సుప్రీం కోర్టులో పెద్ద ఉద్యోగి, ఇంటర్‌ప్రెటర్. 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరినాడు. తిరుపతి, కడప, అహోబిలం, మహానంది, ఆత్మకూరు, శ్రీశైలం, అంటే మన జిల్లాల నడుమ నుంచే పోయినాడు. పల్లకీ, దాన్ని మోసే బోయీలు, మూటలు, పరివారం, అంతా కలిపి ఒక చిన్న ఊరే కదిలినట్టు. ఆయన రాసుకున్నది 1838లో కాశీయాత్ర చరిత్ర అనే పుస్తకంగా అచ్చయింది. మన హాస్టల్ పిల్లోళ్ళందరూ ఒకసారి చదవాల్సిన పుస్తకం అది. ఎందుకంటే ఆయనకు మజిలీ మజిలీకి లెక్క ఉంది. ఎన్ని ఆమడలు, దారి ఎట్లుంది, నీళ్ళెట్లుండాయి, అంగళ్ళుండాయా లేవా, దిగడానికి చావడి ఉందా లేదా. అప్పుడు కర్నూలును ఏలేది నవాబు, ఊరి పేరు కందనూరు. నవాబు మనుషులు శ్రీశైలం యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేసుకునేవాళ్ళు. వసూలు చేసుకుంటారే గానీ గుడి బాగోగులు పట్టించుకోరని వీరాస్వామి బాధపడినాడు.

ఆ అడవిలో చెంచులుండారని గూడా ఆయన రాసినాడు. బ్రిటిష్ కాలం రాతల్లో ఇంకో సంగతి ఉంది. అడవి దారుల్లో యాత్రికులను భద్రంగా దాటించి, అందుకు రుసుము తీసుకునే ఆచారం చెంచులకు ఉండేదని. దీన్ని కొందరు దోపిడీ అన్నట్టు రాసినారు. నేనేమంటానంటే, నవాబు తీసుకుంటే పన్ను, చెంచు తీసుకుంటే దోపిడీనా? నవాబు ఆ డబ్బుకు ఏమి చేసినాడో వీరాస్వామే రాసినాడు. చెంచు అయితే ముందర నడిచి దారి చూపించినాడు, నీళ్ళు చూపించినాడు, రాత్రి కాపలా ఉన్నాడు. ఆ అడవి తమదని, దాంట్లోకి వచ్చేవాళ్ళు తమ అతిథులని, అతిథి కొంత ఇచ్చి పోవల్లని వాళ్ళకు ఒక లెక్క ఉంది. ఆ లెక్కను హక్కు అంటారు. ఈ మాట మనసులో పెట్టుకోండి.

అహోబిలం పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. సంక్రాంతి అయిన మరునాడు, కనుమ రోజు, అహోబిలం స్వామి పారువేటకు బయలుదేరుతాడు. పల్లకీలో నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊర్లు తిరుగుతాడు. ప్రతి ఊర్లో స్వామి దిగడానికి తెలుపు అని ఒక కట్ట ఉంటాది. అంటే దేవుడికి గూడా మకాం ఉంది, మజిలీ ఉంది. మొదట్లో చెంచులు విల్లంబులతో వచ్చి పల్లకీకి బాణం వేసే ఆచారం ఉంది. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి నరసింహుడు వాళ్ళకు అల్లుడు. నాకు తెలిసిన మకాములన్నింట్లో, అడవి మనుషులను అత్తగారింటోళ్ళుగా ఒప్పుకుని, వాళ్ళ ముందర నుంచి బయలుదేరేది ఇదొక్కటే.

ఇంక కంపెనీ దొరల కాలం. 1800లో నిజాం మన సీమను కంపెనీకి రాసిచ్చినాడు. దత్తమండలం అన్నారు. మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో. 1807 దాకా ఉన్నాడు. ఈయన కచేరీలో కూర్చున్న మనిషి కాదు. గుర్రం మీద ఊరూరూ తిరుగుతా, ఎక్కువ కాలం డేరాల్లోనే బతికినాడు. ఆయన ఉత్తరాల్లో గూడా డేరా బతుకు కనపడుతాది. రైతువారీ శిస్తు లెక్కలు కట్టింది ఆ డేరాల్లోనే. మన సీమలో ముసలోళ్ళు ఆయన్ను మంచి దొర అంటారు, పిల్లోళ్ళకు మన్రోలప్ప అని పేర్లు గూడా పెట్టుకున్నారు. పాళెగాళ్ళను అణిచింది గూడా ఆయనే. నేను ఇక్కడ ఆయన మంచి చెడ్డల తీర్పు చెప్పడం లేదు. డేరాలో ఉన్న దొర రైతుకు కనపడినాడు, అడవిలో ఉన్నోడు దొరకు కనపడలేదు. శిస్తు లెక్కలో దున్నే నేల ఉంది, తేనె తీసే కొండ లేదు, గడ్డలు తవ్వే లోయ లేదు, గుండం లేదు. సర్వే గొలుసు కొండ మొదట్లో ఆగిపోయింది. దాని అవతలంతా ఎవరిదీ కాని జాగా అయిపోయింది.

మన్రో తర్వాత మద్రాసు గవర్నరు అయినాడు. 1827లో ఇంగ్లండుకు తిరిగి పోయే ముందర ఒకసారి మన సీమను చూసిపోదామని వచ్చినాడు. అప్పుడు కలరా తిరుగుతా ఉంది. పత్తికొండ మకాంలో ఆయనకు కలరా తగిలి, ఆ 1827 జులై 6న చనిపోయినాడు. గుత్తిలో పూడ్చినారు, తర్వాత మద్రాసుకు తీసుకుపోయినారు. ఆయన గుర్తుగా పత్తికొండలో ప్రభుత్వం చేయించింది ఏందో తెలుసా? బావి, మెట్ల కోనేరు, చెట్ల తోపు. ఒక గవర్నరుకు ఇంతకంటే సరైన గుర్తు ఉండదనుకుంటా. గుర్రాలుండాయి, గుడారాలుండాయి, డాక్టర్లుండారు, బంట్రోతులుండారు. కలరా నీళ్ళలో వచ్చే జబ్బు. మంచి నీళ్ళేవో చెడ్డ నీళ్ళేవో తేల్చుకునే విద్య ఆ కాలపు దొరల దగ్గర లేదు, అది నీళ్ళలో వస్తాదని గూడా వాళ్ళకు అప్పటికి తెలీదు.

1839లో కంపెనీ కర్నూలు నవాబును దించేసింది. అట్లా కర్నూలు దిక్కు నల్లమల వాళ్ళ చేతికి వచ్చింది. తర్వాత కర్నూలులో పనిచేసిన కెప్టెన్ న్యూబోల్డ్ చెంచుల మీద ఒక వ్యాసం రాసి 1840ల్లో లండన్ పత్రికలో అచ్చు వేయించినాడు. చెంచుల గురించి ఇంగ్లీషులో వచ్చిన తొలి రాతల్లో అదొకటి. అదే కాలంలో 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడినాడు. ఆయన వెంట బోయలు, చెంచులు నడిచినారు. కంపెనీ సైన్యం గుర్రాలతో తరిమింది. మైదానంలో గుర్రానిదే పైచేయి, కొండ ఎక్కినాక కాళ్ళదే పైచేయి. అందుకే ఆయన కొండలను పట్టుకున్నాడు. పేరుసోమల కొండల్లో అక్టోబరు 6న పట్టుకున్నారు, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీసినారు. సినిమా చూసి అందరికీ ఈ కథ తెలుసు. సినిమాలో గుర్రాలు శానా ఉండాయి. ఆయన్ను ఆ కొండల్లో అన్ని రోజులు బతికించిన గింజలు, నీళ్ళు మాత్రం తెర మీద లేవు.

ఇప్పుడు మా సుగాలోళ్ళ సంగతి. గుర్రపు దండుకు ఉలవలు, బియ్యం, ఉప్పు ఎట్లా వచ్చేవి? రోడ్లు లేవు, బండి పోయే దారి గూడా తక్కువ. వచ్చేది ఎద్దుల మీద. మా తాతముత్తాతలు వేల ఎద్దుల మీద గోణెలు వేసుకుని దేశమంతా తిరిగినారు. దాన్ని మేము లదేణి అంటాం. మొగలుల దండుకు, నిజాం దండుకు, 1791, 92లో టిప్పు మీదికి పోయిన కారన్‌వాలిస్ దండుకు గింజలు మోసింది లంబాడీలే. ఎద్దుకు మోసుకొచ్చిన దాణా పని లేదు, దారిలో మేస్తాది, రాత్రి నెమరు వేస్తాది, పొద్దున లేస్తాది. గుర్రం కడుపు నిండాలంటే ముందర ఎద్దు నడవల్ల. మాకు గూడా మకాం ఉండేది. తాండా అనే మాటే ముందు కదిలే గుంపుకు, దాని మకాముకు పేరు, తర్వాతనే ఊరికి పేరైంది. గోణెలు గోడ మాదిరి పేర్చి, దాని లోపల ఆడోళ్ళు పిల్లోళ్ళు, బయట కుక్కలు. ఎరుకల అన్నలు గాడిదల మీద ఉప్పు, గింజలు మోసినారు. వాళ్ళది ఇంకో దారి, అదే బతుకు.

1880ల్లో నల్లమలను చీల్చుకుని నంద్యాల నుంచి రైలు దారి పడింది. బొగద సొరంగం, దొరబావి వంతెన అప్పటివే. ఆ వంతెన ఫోటోలు అందరూ పెట్టుకుంటారు, అందంగానే ఉంటాది. కానీ రైలు కూత పెట్టిన రోజు నుంచి ఎద్దు మీద గోణెకు విలువ పోయింది. దానికి ముందే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. గుర్రాలకు గడ్డి కోసిన చోటు, ఎద్దులు మేసిన చోటు రిజర్వు ఫారెస్టు అయిపోయింది. అన్నింటికంటే పెద్ద దెబ్బ నేరస్థ జాతుల చట్టం. 1871లో ఉత్తరాదిలో మొదలైంది, 1911లో మన మద్రాసు రాజధానికి గూడా వచ్చింది. కదిలే మకామే నేరమైపోయింది. కలెక్టరు డేరా వేసుకుని ఊరూరూ తిరిగితే అది జమాబందీ. ఎరుకలోళ్ళు, సుగాలోళ్ళు తిరిగితే పోలీసు స్టేషన్లో హాజరు. 1952 ఆగస్టు 31న ఆ ముద్ర చట్టంలో తీసేసినారు. జనాల నోట్లో ఎప్పుడు తీసేస్తారో మీకు తెలిసిందే, హాస్టల్లో ఎవరి సెల్లు పోయినా మొదట ఎవరి పెట్టె వెతుకుతారో చెప్పాల్నా?

ఇప్పటికి వద్దాం. పాత శ్రీశైలం దారి మొదట్లోనే బైర్లూటి ఉంది, ఇప్పుడు నంద్యాల జిల్లా కింద. ఆడ చెంచు గూడెం ఉంది, అటవీ శాఖ జంగిల్ క్యాంపు ఉంది. డేరాలు, కాటేజీలు, చెట్లు, రాత్రికి నిశ్శబ్దం. గుర్రం బదులు జీపు. నంద్యాల, గిద్దలూరు రోడ్డులో పచ్చర్ల దగ్గర ఇంకోటి ఉంది. కడప దిక్కు గండికోటలో అయితే డేరాలే డేరాలు. 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను కలిసినప్పుడు గూడా ఆయన డేరాలోనే ఉన్నాడు, అది వేరే కథ.

బైర్లూటి లాంటి చోట్ల చెంచు పిల్లోళ్ళు గైడ్లుగా, పనోళ్ళుగా ఉండారు. నేను దాన్ని తప్పు అనను. ఇంటి దగ్గర జీతం దొరకడం చిన్న సంగతి కాదు, మన ఊర్ల నుంచి ఎంతమంది బెంగళూరు బిల్డింగు పనికి పోతున్నారో చూస్తానే ఉన్నాం. కానీ 200 ఏండ్ల కింద ఆ దారిలో చెంచు రుసుము తీసుకుని ముందర నడిచినాడు. ఇప్పుడు టికెట్టు డబ్బు ఒకరు తీసుకుంటారు, చెంచు జీతానికి ముందర నడుస్తాడు. ఈ రెండింటికీ నడుమ ఏమి జరిగిందో అర్థం చేసుకోవడానికే ఇంత చరిత్ర రాసినా.

మొదట్లో కాగితం అన్నా కదా, ఇదే. 2006 అటవీ హక్కుల చట్టం కింద సాగు భూమికి పట్టా అడగడం మనందరికీ తెలుసు. సామూహిక హక్కులు అడగొచ్చని శానా మందికి తెలీదు. చెంచుల్లాంటి ఆదిమ గిరిజన తెగలకు ఆవాస హక్కు అని ఇంకోటి ఉంది, సెక్షన్ 3లోనే ఉంది. మధ్యప్రదేశ్‌లో దిండోరి జిల్లా బైగాలు అది సాధించుకున్నారు. అడిగినప్పుడు ఆఫీసులో మొదటి ప్రశ్న, రుజువు ఏది? ఆ చట్టం రూల్సులో 13వ రూలు ఒకసారి చదవండి, ఫోన్లో దొరుకుతాది. గెజిటీర్లు, సెన్సస్, పాత రికార్డులు రుజువు. బావులు, శ్మశానాలు, దేవుడి గుండాలు రుజువు. సామూహిక హక్కులకైతే గడ్డలు, పండ్లు, మేత దొరికే చోట్లు, మనుషులకూ పశువులకూ వాడిన నీటి వనరులు, ఇవన్నీ రుజువు కింద రాసి ఉంది. పెద్దల మాట గూడా రుజువే, కాకపోతే అది రాతలో ఉండల్ల, హక్కు అడిగే మనిషిది కాకుండా వేరే పెద్దది అయి ఉండల్ల. వీటిలో ఒకటి కంటే ఎక్కువ చూపించల్ల.

ఇప్పుడు వెనక్కి పోయి చూడండి. వీరాస్వామి యాత్ర పుస్తకం, 1840ల న్యూబోల్డ్ వ్యాసం, 1875 గ్రిబుల్ కడప మాన్యువల్, 1886 గోపాలకృష్ణమ చెట్టి కర్నూలు మాన్యువల్, 1943లో వచ్చిన హైమెండార్ఫ్ చెంచుల పుస్తకం, ఇవన్నీ వేరేవాళ్ళు వాళ్ళ పనికి రాసుకున్నవి. కానీ ఫలానా అడవిలో ఫలానా కాలంలో చెంచులుండారని రాసిపెట్టినారు. మకాం దిగినోడు తన గుర్రం కోసం రాసుకున్న నీళ్ళ లెక్క, ఈ రోజు ఆ నీళ్ళ పక్కన పుట్టినోళ్ళకు రుజువు అయితాది. పుస్తకం ఒక్కటే చాలదు గాబట్టి దాని పక్కన గూడెం పెద్దాయన మాట ఉండల్ల. పుస్తకంలో పెద్దచెరువు అని ఉంటాది. దాని చుట్టూ ఉన్న చిన్న గుండాల పేర్లు, ఏది ఏ నెలకు ఎండుతాది, ఏది ఎండదు, ఏ వంశం వాళ్ళు ఏ కొండలో తేనె తీసేది, అవి పెద్దోళ్ళ నోట్లోనే ఉండాయి.

నేను సుగాలోన్ని, చెంచు కాదు. ఆ పేర్లు అడిగి రాయాల్సింది ముందర చెంచు తమ్ముళ్ళు చెల్లెళ్ళే. బైర్లూటి, నాగలూటి, పెద్దచెరువు దిక్కు ఇండ్లుండేవాళ్ళు సెలవులకు పోయినప్పుడు మీ అవ్వను, తాతను కూర్చోబెట్టుకుని ఒక నోటుబుక్కులో ఎక్కించండి. నీళ్ళ పేరు, యాడుంది, ఎవరు వాడతారు, ఎప్పటినుంచి, చెప్పిన పెద్దోళ్ళ పేరు, తేదీ, వేలిముద్ర. ఫోన్లో వాళ్ళ గొంతు గూడా రికార్డు చేయండి. పుస్తకాల్లో పేజీలు వెతికి ఫోటోలు తీసే పని మా హాస్టలోళ్ళం చేస్తాం. ఇంగ్లీషు మాన్యువళ్ళు చదవడానికి డిగ్రీ చివరి ఏడు వాళ్ళు ఇద్దరు ముగ్గురు కావల్ల. తర్వాత గ్రామసభలో అటవీ హక్కుల కమిటీ ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే ముందర అది ఎన్నుకోవల్ల: 10 నుంచి 15 మంది, వాళ్ళలో మూడింట రెండొంతులు గిరిజనులు, మూడింట ఒక వంతుకు తగ్గకుండా ఆడోళ్ళు. గూడెం నుంచి ఎవరు మొదలుపెడుతున్నారో రాయండి, ఉగాది నడక మొదలయ్యే లోపల పెద్దచెరువు దిక్కు నుంచి పని పట్టుకుందాం.